రెండు పేర్ల పిల్లి

మా అమ్మాయి తన పిల్లికి పదిహేను రోజులకోసారి స్నానం చేయించి, పాత తువ్వాలుతో ఒళ్లంతా తుడిచి, మెడ వెనక కాస్త పౌడరు రాస్తుంది. మొన్న ఆదివారం అలాగే రాసి, తెచ్చి నా ఒడిలో పడేసి పోయింది. దాని నెత్తి మీద ముక్కు ఆనించానో లేదో, తడి బొచ్చు వాసనా పౌడరు వాసనా కలిసి గుప్పున తగిలాయి. యాభై ఏళ్లు దాటిన పాత మంట ఒకటి గుండెలో మళ్లీ రాజుకుంది. ఈ వయసులో ఇదేమిటని నవ్వుకున్నాను గానీ, అది అసూయే. ఇంకో పేరేమీ లేదు దానికి.

మేముండేది తార్నాకలో ఐదో అంతస్తు. ఈ పిల్లి మా ఇంటికొచ్చి నాలుగేళ్లయింది, ఇంతవరకూ మట్టి తొక్కలేదు. బాల్కనీకి చుట్టూ వల కట్టించారు. ఆ వల వెనక కూర్చుని అది పావురాలను చూస్తూ పళ్లు టకటకలాడిస్తుంటే నాకు జాలేస్తుంది. "కాసేపు కిందికి తీసుకపోరాదే" అని ఎప్పుడైనా అంటే, "కిందికి పోతే బండ్ల కింద పడ్తది, కుక్కలు పీకుతయి. నువ్వూకో అమ్మా" అంటుంది మా అమ్మాయి. తను చెప్పింది నిజమే. కానీ కుక్కల మాట ఎత్తగానే నేను నోరు మూసుకునేది అందుకు కాదు. ఆ మాటను అడ్డం పెట్టుకుని ఒకప్పుడు నేను ఏం చేశానో నాకు గుర్తుంది.

అరవైల చివర మేము యూనివర్సిటీ క్యాంపస్‌లోనే, హాస్టళ్ల వెనక ఉన్న పెంకుటింటి వరసలో ఉండేవాళ్లం. నాయన కెమిస్ట్రీ ల్యాబులో అటెండరు. సాయంత్రం సైకిలు దిగేసరికి ఆయన చొక్కా నుంచి కుళ్లిన గుడ్ల వాసన వచ్చేది, ప్యాంటు నిండా యాసిడు చుక్కలు పడి కాలిన సన్నటి చిల్లులుండేవి. రెండు గదులు, వంటిల్లు, దాని వెనక కట్టెలు పెట్టుకునే చిన్న గది, అంతే మా ఇల్లు. గడప దాటితే మాత్రం ఎంత లోకమో! ఏనుగుల మందలా పడుకున్న నల్లరాళ్లు, వాటి సందుల్లో ఎవరూ నాటకుండా మొలిచిన సీతాఫలం చెట్లు, ఎండాకాలమంతా ఎర్రగా మండే మోదుగులు, వానాకాలం మొదట్లో రాళ్ల మీంచి లేచే ఆవిరి, సాయంత్రం కాగానే పుస్తకాలు సైకిలు క్యారేజీకి బిగించుకుని ఈలలు వేసుకుంటూ పోయే పెద్ద పెద్ద విద్యార్థులు. ఆ రాళ్ల మధ్య నుంచి ఒక కాలిబాట వంకర్లు తిరుగుతూ తార్నాక దాకా పోయేది. అప్పటి తార్నాక అంటే ఒక రోడ్డు, నాలుగు కొట్లు, ఎడం ఎడంగా తోటలున్న ఇళ్లు.

నా తర్వాత ఇద్దరు తమ్ముళ్లు. అమ్మ ఒడి చిన్నవాడిది, నాయన సైకిలు ముందు కడ్డీ పెద్దవాడిది. నాకంటూ ఏమీ మిగల్లేదని నేను లోలోపల కుములుతున్న రోజుల్లో, హాస్టలు మెస్సు వెనక ఎంగిలాకుల దగ్గర ఒక తెల్లటి పిల్లిపిల్ల దొరికింది. ఒక చెవి మీద మాత్రం ఎవరో వేలితో కాటుక దిద్దినట్టు నల్ల మచ్చ. 'చుక్క' అని పేరు పెట్టుకున్నాను. ఇంట్లో ఎవరు పిలిచినా పలికేది కాదు, నేను పిలిస్తే తోక నిలబెట్టుకుని వచ్చేది. నేను అష్టాచెమ్మా ఆడుతుంటే చింతగింజలను పంజాతో తోసి ఆట చెడగొట్టేది. బతుకమ్మకు మేమంతా తంగేడు, గునుగు పూలు కోయడానికి రాళ్లెక్కి పోతే, అదీ మా వెనకే వచ్చి ఒడినిండా పూలున్న నా పరికిణీ నీడలో కూర్చునేది. సద్దుల బతుకమ్మ నాడు పెరుగు సద్ది మొదటి ముద్ద నాయనమ్మ దానికే పెట్టేది.

నాయనమ్మది జనగామ దిక్కు పల్లె. ఆకూ వక్కా నములుతూ, మాట మాటకీ మధ్య తీరుబడిగా ఊస్తూ, ప్రపంచంలో ప్రతి విషయానికీ ఒక తీర్పు చెప్పేది. పొద్దున పోయిన చుక్క పొద్దుగూకినా రాలేదని నేను ఏడుపు మొహం పెడితే, "పిల్లంటె తిరుగుతది బిడ్డా. తిరిగి తిరిగి వచ్చి నీ కాళ్ల కాడనే పండుకుంటది గద. ఇంట్ల ఏసి మూస్తె గది పిల్లెట్లయితది?" అనేది. నాకు నచ్చకపోయినా నమ్మాను.

అలా నమ్మినదాన్ని, ఒకరోజు చుక్క మెడలో ఎర్ర రిబ్బను చూసి నిలువునా నీరైపోయాను. రిబ్బను ముడి ఎంతో ముద్దుగా, సీతాకోకచిలుకలా ఉంది. వంగి వాసన చూస్తే పౌడరు. మా ఇంట్లో పౌడరు డబ్బా పెళ్లిళ్లకు మాత్రమే తీసేవాళ్లు. నా పిల్లికి ఎవరో వట్టి పుణ్యానికి, మామూలు బుధవారం నాడు పౌడరు రాశారు. ఆ ముడి విప్పేశాను. రిబ్బను పొయ్యిలో వేశాను. మూడు రోజులకు నీలం రిబ్బనుతో వచ్చింది.

ఆ ఏడు బతుకమ్మ అయ్యేసరికి చుక్క కడుపుతో ఉంది. నేను ఒక గంపలో అమ్మ పాత చీర మడతలు పెట్టి, మెత్తగా ఉందో లేదో చెంప ఆనించి చూసి, మా గదిలో మూలకు పెట్టాను. పిల్లలకు పేర్లు కూడా అనుకున్నాను. చుక్క ఆ గంపను ఒకసారి వాసన చూసి, బయటికి పోయింది. మూడు రోజులు కనిపించలేదు. నాలుగోనాడు కడుపు తగ్గి, పక్కటెముకలు తేలి వచ్చింది. గబగబా ఇంత జొన్న గట్క తిని మళ్లీ బయల్దేరింది. ఈసారి నేను వెనకే పోయాను.

కాలిబాట పట్టుకుని, ఎక్కడా ఆగకుండా, తనకు బాగా అలవాటైన దారిలో పోయింది. మెట్ల మీద చేమంతి కుండీలున్న ఒక ఇంటి గేటు కింది నుంచి దూరింది. నేను గోడవారగా నిలబడి తొంగి చూశాను. వరండాలో బల్ల కింద ఒక చెక్కపెట్టె ఉంది, దాన్లో చుక్క పక్కకు తిరిగి పడుకుంది, పొట్ట దగ్గర ఇంకా కళ్లు తెరవని మూడు పిల్లలు. పెట్టె పక్కన నా వయసు పిల్ల ఒకతి నేల మీద బోర్లా పడుకుని, "లిల్లీ, లిల్లీ, బంగారం" అంటూ దాని నుదురు నిమురుతోంది. తోమిన గిన్నెలా తళతళలాడే మొహం, రెండు జడలు, వాటికి ఎర్ర రిబ్బన్లు. లోపల రేడియో మోగుతోంది. పైన ఫ్యాను తిరుగుతోంది. ఆ పిల్ల అమ్మ వచ్చి పళ్లెంలో పాలు పోసి, కూతురి నెత్తి మీద చెయ్యి వేసి, ఊరికే అలా నిలబడింది. ఏ పనీ చెప్పలేదు, తమ్ముణ్ని ఎత్తుకోమనలేదు. ఊరికే నిలబడింది.

నాకు ఆ ఫ్యాను మీద, రేడియో మీద, ఆ చెయ్యి మీద కూడా కోపం వచ్చింది. అన్నిటికంటే చుక్క మీద వచ్చింది. నా గంపను కాదని ఆ చెక్కపెట్టె చూసుకుంది.

మర్నాడు శనివారం. పొద్దున్నే చుక్క తిండికి వచ్చింది. నేను దాన్ని ఎత్తుకుని వంటింటి వెనక కట్టెల గదిలో వేసి గొళ్లెం పెట్టాను. నాయనమ్మ వరికోతలకు ఊరికి పోయి ఉంది. అరుపులు విని అమ్మ అడిగింది.

"ఏందే, పిల్లి గట్ల మొత్తుకుంటున్నది?"

"బయట కుక్కలున్నయమ్మా. దాని పిల్లల్ని కుక్కలు తిన్నయి. దీన్ని గూడ పట్టుకుంటయి."

"అయ్యో, పాపం! ఉండనియ్యి మరి, రెండ్రోజులు ఇంట్లనె ఉండనియ్యి" అని అమ్మ జాలిపడి, తన చాయ కోసం ఉంచుకున్న పాలు మూకుడులో పోసి ఇచ్చింది.

అంత పెద్ద అబద్ధం అంత సులువుగా వచ్చేసినందుకు నాకే ఆశ్చర్యమేసింది. చుక్క ఆ పాలు ముట్టలేదు. మధ్యాహ్నమంతా తలుపును గీరింది. సాయంత్రం తలుపు సందులోంచి వేలు పెట్టాను. ఎప్పుడూ నా వేలు నాకేది, ఆ రోజు వాసన చూసి పక్కకు తిరిగింది. రేపటికి సర్దుకుంటుందిలే, ఆ ఇంటిని మరిచిపోతుంది, అని నాకు నేను చెప్పుకున్నాను. పిల్లల సంగతి మనసులోకి వస్తే, వాళ్లకు ఫ్యానుంది, రేడియో ఉంది, పిల్లల్ని వాళ్లే సాకుతారులే అనుకున్నాను. తొమ్మిదేళ్ల పిల్ల బుద్ధి అని దాన్ని ఇప్పుడు కొట్టిపారేయలేను. పాలు లేకపోతే పిల్లలు బతకవని నాకు తెలుసు. నా చిన్న తమ్ముడు అమ్మ పాల కోసం ఏడ్వడం రోజూ వింటున్నదాన్నే.

ఆదివారం మిట్టమధ్యాహ్నం, అమ్మ నల్లా దగ్గర బట్టలు ఉతుకుతున్నప్పుడు, ఆ పిల్ల మా గడప ముందుకొచ్చింది. చర్చి నుంచి నేరుగా వచ్చినట్టుంది, తెల్ల గౌను అంచుకు ఎర్రమట్టి అంటింది. చేతిలో ఒక ఇంకు ఫిల్లరు. వరసలో ప్రతి ఇంటి ముందూ ఆగి అడుగుతూ వచ్చింది.

"ఇటు తెల్ల పిల్లి ఏమైనా వచ్చిందా? చెవి మీద నల్ల మచ్చ ఉంటుంది. లిల్లీ అంటే పలుకుతుంది."

"రాలే. మా ఇంట్ల పిల్లే లేదు" అన్నాను.

"నిన్నటి నుంచి రాలేదు. పిల్లలింకా కళ్లు కూడా తెరవలేదు. మా అమ్మ దీంతో పాలు పోస్తుంటే రెండు తాగుతున్నాయి, చిన్నది తాగట్లేదు." ఫిల్లరు వైపు చూసుకుని, మళ్లీ నా వైపు చూసింది. "కనిపిస్తే చెప్తావా? తార్నాకలో, మెట్ల మీద చేమంతులుండే ఇల్లు మాది. నా పేరు ఎస్తేరు."

నేను తలూపాను. ఆ పిల్ల పక్కింటికి పోయింది. కట్టెల గదిలోంచి చప్పుడు రాలేదు. అరిచి అరిచి చుక్క గొంతు అప్పటికే పోయింది.

ఆ రోజు అమ్మ సీతాఫలాలు మాగబెట్టిన కుండ దించింది. గది నిండా తియ్యటి వాసన. తమ్ముళ్లు మూతులంతా పూసుకుని తింటున్నారు. నేను ఒక పండు విప్పి, ఒక గింజ నోట్లో పెట్టుకుని, మింగలేక ఉమ్మేశాను. పొద్దు వాలుతుండగా పోయి గొళ్లెం తీశాను. చుక్క నా కాళ్ల మధ్య నుంచే దూసుకుపోయింది, వెనక్కి చూడలేదు. నేనూ పరిగెత్తాను. రాళ్లకు కాలి బొటనవేలు కొట్టుకుని రక్తం కారుతున్నా ఆగలేదు.

నేను గేటు దగ్గరికి చేరేసరికి అది పెట్టెలో ఉంది. రెండు పిల్లలు పొట్టకు అతుక్కుపోయి ఉన్నాయి. మూడోది అంచులకు లేసు కుట్టిన చేతిరుమాలులో, బల్ల మీద ఉంది. ఆ రుమాలు ఎందుకు మూసి ఉందో ఎవరూ చెప్పనక్కర్లేదు.

ఎస్తేరు నన్ను చూసి ఏడుస్తూనే నవ్వింది. "అమ్మా! ఈ అమ్మాయే! నేను చెప్పానే, ఈ అమ్మాయే వెతికి తోలుకొచ్చింది!" అని వచ్చి నా చెయ్యి పట్టుకుంది.

వాళ్లమ్మ ముషీరాబాద్ దిక్కున ఏదో బడిలో టీచరమ్మ. ఆమె వంగి చుక్క బొచ్చులో ఇరుక్కున్న కట్టె బెరడు ముక్కను తీసి, వేళ్ల మధ్య తిప్పి చూసి, "ఎక్కడో చిక్కుకుపోయినట్టుంది పాపం" అంది. తర్వాత నా వైపు చూసింది. ఆ చూపు ఎంతసేపో ఉన్నట్టు నాకు అనిపించింది. లోపలికి పోయి గిన్నెలో నీళ్లు తెచ్చి నా బొటనవేలు కడిగి, గుడ్డ కట్టి, పళ్లెంలో గులాబీ పువ్వులు పెట్టి ఇచ్చింది. గుంటూరు దిక్కున పిండిని పువ్వు అచ్చుతో నూనెలో వేయించి చేసే వంటకం అది, నోట్లో వేసుకుంటే కరకరలాడుతుంది. నేను తిన్నాను. రెండు తిన్నాను. ఏమీ చెప్పలేదు.

మా స్నేహం అలా మొదలైంది. బడి కాగానే కాలిబాట పట్టుకుని తార్నాక పోయేదాన్ని. ఎస్తేరు తన బొమ్మల పుస్తకాలు ఇచ్చేది, తన రిబ్బన్లతో నాకు జడలు వేసేది. క్రిస్మస్‌కు కేకు ముక్కలో ఎండుద్రాక్షలున్న వైపు నాకే కోసింది. అంత మంచిగా ఉండటం నాకెందుకు రాదని అప్పుడు ఇంకా అసూయపడ్డాను. తను ఇస్తున్న కొద్దీ నాలో ఏదో ముడుచుకుపోయేది.

పిల్లలు కళ్లు తెరిచిన వారం రోజులకు ఎస్తేరు ఒక మాట అంది. "ఇంక లిల్లీని బయటికి పంపనే పంపను. మళ్లీ తప్పిపోతే? గేటు కింద చెక్క కొట్టించమని మా నాన్నకు చెప్తా."

చెక్క కొట్టిస్తే చుక్క మా ఇంటికి రాదు. "పిల్లంటె తిరుగుతది. ఇంట్ల ఏసి మూస్తె గది పిల్లెట్లయితది?" అన్నాను, నాయనమ్మ మాటే, నాయనమ్మ గొంతుతోనే. రెండు వారాల కిందట గొళ్లెం పెట్టినదాన్నే ఈ మాట అన్నాను. టీచరమ్మ పచ్చజొన్నలు చెరుగుతూ విని, "ఆ అమ్మాయి చెప్పింది నిజమే ఎస్తేరూ. దానికి రెండిళ్లున్నాయి. ఉండనీ" అంది. రెండిళ్లున్నాయని ఆమెకు ఎవరు చెప్పారు? నేనైతే చెప్పలేదు.

ఆ మరుసటి ఏడాది క్యాంపస్‌లో గొడవలు మొదలయ్యాయి. ఊరేగింపులు, నినాదాలు, మూసేసిన తరగతులు, మా వరస దాకా వచ్చి కళ్లు మండించిన పొగ. నాయన చాలా రోజులు ల్యాబుకు పోలేదు. కోస్తా నుంచి వచ్చిన కుటుంబాలు కొన్ని భయపడి సొంత ఊళ్లకు బయల్దేరాయి. ఒకనాడు నేను పోయేసరికి చేమంతి కుండీలు ఒక మూలకు చేరి ఉన్నాయి. వరండా నిండా ట్రంకు పెట్టెలు, చాపలో చుట్టిన పరుపులు. చుక్క పిల్లల్లో ఒకదాన్ని ఎవరికో ఇచ్చేశారు, రెండోదాన్ని మూతబుట్టలో తమతో తీసుకుపోతున్నారు.

"లిల్లీని కూడా తీసుకెళ్దామంటే అమ్మ వద్దంది. దానికి ఇక్కడ నువ్వున్నావంట" అంది ఎస్తేరు. కళ్లు ఉబ్బి ఉన్నాయి. "దాన్ని లోపల పెట్టి మూసెయ్యవు కదా? తిరగనిస్తావు కదా?"

"తిరగనిస్త" అన్నాను.

రిక్షా సందు మలుపు తిరిగే దాకా చెయ్యి ఊపాను. నేను నిజంగానే ఏడ్చాను, అందులో అబద్ధం లేదు. కానీ ఇంటికి వస్తుంటే కాళ్లు తేలిగ్గా పడ్డాయి. ఇక చుక్క నాదే. పూర్తిగా నాదే.

చుక్క రోజూ పొద్దున్నే తిండి తిని, అదే కాలిబాటన తార్నాక పోయేది. తాళం వేసిన ఆ ఇంటి పైమెట్టు మీద, తలుపు వైపు మొహం పెట్టి కూర్చునేది. ఎండ నెత్తి మీదికొస్తే కుండీల చాటుకు జరిగేది, ఎండ తగ్గగానే మళ్లీ మెట్టు మీదికి వచ్చేది. పొద్దుగూకినాక మా ఇంటికొచ్చి నా కాళ్ల దగ్గర పడుకునేది. నేను రోజుకో ఎండుచేప ముక్క దాచి పెట్టాను. నాయనమ్మను బతిమాలి పాలు ఎక్కువ పోయించాను. ఒకరోజు వెనకే పోయి మెట్టు మీద దాని పక్కన కూర్చుని, "లిల్లీ" అని పిలిచాను. చటుక్కున తిరిగి చూసింది, నన్ను చూసి, మళ్లీ తలుపు వైపే తిరిగింది. మనుషులున్న ఇంటి మీద అసూయపడటం అలవాటే. ఆ రోజు ఖాళీ ఇంటి మీద అసూయపడ్డాను.

వానలు మొదలయ్యాక ఎస్తేరు దగ్గర్నుంచి ఇన్‌లాండు కవరు వచ్చింది. నా పేరు మీద వచ్చిన మొదటి ఉత్తరం అది. గుండ్రటి అక్షరాలు. తమ ఊళ్లో చేపల వాసన ఎక్కువని, కొత్త బడిలో ఎవరూ మాట్లాడటం లేదని, నాన్న కూడా అటే బదిలీ చేయించుకుంటున్నాడని, ఇక హైదరాబాదు రామని రాసింది. చివర, కాస్త ఎడం వదిలి, "లిల్లీ మా ఇంటికి వెళ్తోందా? మమ్మల్ని వెతుక్కుంటోందా?" అని అడిగింది.

ఆ ఉత్తరాన్ని పరికిణీ కుచ్చిళ్లలో దోపుకుని రెండు రోజులు తిరిగాను. మూడో రోజు నాయన పెన్నుతో, తప్పులు లేకుండా, జవాబు రాశాను. "చుక్క బాగున్నది. మీ ఇంటి దిక్కు అసలే పోతలేదు. మిమ్ముల మరిచిపోయింది. పొద్దంతా నా దగ్గరనే ఉంటున్నది." రాసి, జిగురు అంటించి, తమ్ముడి చేతికి ఇవ్వకుండా నేనే పోయి డబ్బాలో వేసి వచ్చాను. తిరిగొస్తుంటే చుక్క ఆ మెట్టు మీదే ఉంది, వానకు తడుస్తూ.

ఆ తర్వాత ఎస్తేరు నుంచి ఉత్తరం రాలేదు. వస్తుందేమోనని పోస్టుమాన్‌ను చూసినప్పుడల్లా లేచి నిలబడేదాన్ని. రెండేళ్లకు చుక్క కూడా ఒకరోజు పోయి రాలేదు. ఎటు పోయిందో, ఏమైందో తెలియదు.

ఇప్పుడు ఆ రాళ్లలో సగం పగలగొట్టేశారు. కాలిబాట ఉన్నచోట గోడ లేచింది. సీతాఫలాలు మేము బండి మీద కొనుక్కుంటున్నాం. చేమంతి కుండీల ఇల్లు ఎక్కడుండేదో వెతుక్కుంటూ పోతే, ఆ సందులో అన్నీ నాలుగంతస్తులవే, కింద మందుల షాపు, జెరాక్సు షాపు. ఆ మెట్లు ఏ మేడ కింద పోయాయో చెప్పగలిగే మనిషి మిగల్లేదు. నాయనమ్మ లేదు, అమ్మ లేదు. ఎస్తేరు ఉండే ఉంటుంది. నా వయసే కనుక తనూ మోకాళ్లు పట్టుకుని మెట్లెక్కుతూ ఉంటుంది. కట్టెల గది సంగతి తెలిస్తే తను నన్ను క్షమిస్తుందనే అనుకుంటాను, తన మనసు అలాంటిది. నేను చెప్పాలనుకునేది మాత్రం అది కూడా కాదు. ఎస్తేరూ, అది మిమ్మల్ని మరిచిపోలేదు. మీరు పోయిన నాటి నుంచి, అది కనిపించకుండా పోయిన నాటి దాకా, రోజూ మీ తలుపు ముందే కూర్చున్నది.